ఉప్పు కొఠారులో జనన రిజిస్టరు

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం ఉండేది కాదు, గుమస్తాలంటే ఉండేది. దెయ్యం ఎంత చెడ్డదైనా ఫలానా చోట, ఫలానా వేళకి కనబడుతుందని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. గుమస్తా అలా కాదు. కుర్చీ మీద తువ్వాలు ఆరేసి ఉంటుంది, బల్ల మీద సగం తాగిన టీ ఉంటుంది, నెత్తిన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. ఎక్కడని అడిగితే "ఇప్పటిదాకా ఉన్నాడే" అంటారు. (పోయినవాళ్ళ గురించి కూడా సరిగ్గా ఇదే మాట అంటారని అప్పుడు నాకు తట్టలేదు.) ఇరవై రెండేళ్ళ వయసులో, డిగ్రీ పట్టా చేత్తో పట్టుకుని, లోకమంతా నా కోసమే కాచుకుని ఉందనుకునేంత తెలివితో, ఒక్క కాగితం కోసం చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊరికి మూడుసార్లు బస్సెక్కి వెళ్ళాను. మూడోసారి తిరిగొచ్చేసరికి నా భయమూ, నా ధైర్యమూ ఒకదాని చోట్లో ఒకటి కూర్చున్నాయి.

మా ఇల్లు ఒడిశాలో, బరంపురంలో, బడా బజార్ వెనక సందులో. నాన్న బడిపంతులు. ఇంట్లో మాత్రం నాయనమ్మే పంతులు, మేమందరం పిల్లలం. ఆ ఏడు తెలుగు పిల్లలున్న ఓ బడిలో తెలుగు చెప్పడానికి టీచరు పోస్టు ఒకటి పడింది. ఆ పోస్టు నా కోసమే పుట్టిందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. నాన్న నన్ను వెంటబెట్టుకుని దరఖాస్తు ఇవ్వడానికి వెళితే, అక్కడి గుమస్తా (ఆ రోజు ఉన్నాడు) మా ఇంటిపేరు చదివి, తలెత్తి, "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడిగాడు. నాన్న, "మేమెక్కడికీ రాలేదు బాబూ. ఉన్నచోటే ఉన్నాం. ఎల్లలే అటూ ఇటూ జరిగాయి" అన్నారు. "అయితే ఆ ఉన్న సంగతి కాగితం మీద చూపించండి. మీది చాలదు, మీ నాన్నగారి పుట్టుక నకలు కావాలి. వచ్చే శనివారం మధ్యాహ్నం ఆఖరు" అన్నాడతను, మర్యాదగానే.

తాతగారు పుట్టింది వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో, రంభ అవతల. ఏ సంవత్సరమో ఇంట్లో ఎవరికీ తెలీదు. నాయనమ్మనడిగితే, "పెద్ద గాలొచ్చిన ఏడు. చిల్కా చేపలు గుమ్మంలోకొచ్చి పడ్డాయట" అంది. "ఏ పెద్దగాలి నాయనమ్మా?" అంటే, "ఏ పెద్దగాలేటే? పెద్దదే" అని విసుక్కుంది.

సోమవారం ఆ ఊరికి వెళ్ళాను. రంభలో బస్సు దిగి ఆటో ఎక్కితే పావుగంట. ఊరంటే నాలుగు వీధులు, ఎండుచేపల సంత, ఆ వాసన మధ్యలో ఆఫీసు. ఆఫీసు ముందు భాగం కొత్తది, పసుపు రంగు వేసి ఉంది. పాత దస్త్రాలుండే గది మాత్రం వెనకాల, విడిగా ఉంది. అది ఒకప్పటి ఉప్పు కొఠారు. తెల్లదొరల కాలంలో మడుల్లోంచి తీసిన ఉప్పు బస్తాలకెత్తి అందులో పెట్టి తాళం వేసేవారట. ఉప్పు వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా గోడలకింకా నమ్మకం కుదిరినట్టు లేదు. వానాకాలంలో చెమర్చేవి, ఎండాకాలంలో పొలుసులు రాల్చేవి, ఏ కాలమైనా ఒంటి నిండా సన్నటి తెల్లటి నూగు మొలిపించుకుని ముసలివాళ్ళ గడ్డాల్లా ఉండేవి. కిటికీల్లేవు. చూరు కింద జానెడేసి కన్నాలు, అంతే. గడప దాటగానే చెవులు మూసుకుపోయినట్టు బయటి చప్పుడంతా ఆగిపోయేది. కాసేపటికి ఎక్కడో అల్మరాల వెనక టిక్కు, టిక్కు అని వినిపించేది. అది గోడ నుంచి ఉప్పు రాలే చప్పుడట. ఆ మాట చెప్పిన మనిషి చెప్పులు బయట విడిచి, గుళ్ళో నడిచినట్టు అడుగు చప్పుడు లేకుండా నా వెనక వచ్చి నిలబడి చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. ఆ గది కాపలా, లెక్క, పెత్తనం అన్నీ ఆయనవే. ఊళ్ళో అందరూ ఉప్పు బాబు అనేవారు. అరవైకి దగ్గరపడ్డ ఒడియా పెద్దమనిషి, సన్నంగా, తెల్లచొక్కాలో, ఆయన కూడా గోడల్లోంచే మొలిచినట్టుండేవాడు.

"ఏమి కావాలి, మా?" అన్నాడు. (ఒడియా పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని అమ్మా అన్నట్టు అలా పిలుస్తారు.)

"మా తాతగారి పుట్టుక నకలు కావాలండీ."

"ఏ సంవత్సరం?"

"పెద్ద గాలొచ్చిన సంవత్సరం" అన్నాను, నాయనమ్మ పెట్టిన ధైర్యంతో.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక అల్మరా ముందు నిలబడి వేలితో మూడు బైండు పుస్తకాలు చూపించాడు. "మూడు గాలులొచ్చాయి. మూడు పుస్తకాలు. కానీ తెలుగులో ఉన్నాయి. నాకు మాట వచ్చు, అక్షరం రాదు. చదివే తెలుగు గుమస్తా ఒకడుండేవాడు, వెళ్ళిపోయాడు. అప్పట్నించి ఎవరడిగినా 'దొరకలేదు' అని రాసి ఇస్తున్నాను."

"ఉన్నా కూడానా?"

"ఉండడం వేరు, దొరకడం వేరు, మా."

నేనే చదువుకుంటానన్నాను. ఆయన నావంక చూసి, "బుధవారం రా. ఒకటే మాట. ఈ గదిలో పేర్లు పైకి చదవకూడదు. మనసులో చదువుకో. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు" అన్నాడు.

"ఎవరు?"

ఆయన పుస్తకాల వంక చూశాడు. "ఆ గుమస్తా పైకి చదివేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒక రోజు అందులో తన పేరే వచ్చింది. అదీ చదివాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు."

"అంటే... చనిపోయాడా?"

"కాదు, బదిలీ" అన్నాడు. అల్మరా తలుపు మూసి, "అక్కడ చనిపోయాడు" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ కథంతా చెప్పి నవ్వించబోయాను. నాన్న నవ్వి, రాసుకోడానికి పెన్సిలు చెక్కిచ్చారు. నాయనమ్మ నవ్వకుండా నిమ్మకాయ ఇచ్చింది. నేను చదువుకున్న పిల్లని గనక పెన్సిలు సంచిలోనూ, నిమ్మకాయ గుప్పిట్లోనూ పెట్టుకుని బయల్దేరాను.

బుధవారం పొద్దుట్నించీ వాన. ఉప్పు బాబు పుస్తకం తీసేముందు అల్మరా తలుపు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాడు. ఎందుకన్నట్టు చూస్తే, "పాములుంటాయి" అన్నాడు, నా ముఖం చూడకుండా. (పాము లోపల ఉంటే తలుపు కొట్టి అనుమతి అడగాలని నాకంతవరకూ తెలీదు.) పుస్తకం తెరిస్తే పచ్చి ఉప్పు, పొగాకు కలిసిన వాసన. ఎడమ పేజీ నిండా పుట్టినవాళ్ళు, కుడి పేజీ నిండా పోయినవాళ్ళు. కొన్ని పేర్లు ఎడమవైపు చదివి, ఆకు తిప్పి, ఇంకో ఆకు తిప్పేలోగా కుడివైపు కనబడేవి. అంతా పాతకాలపు గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసి రాసేశారు. పెదాలు కదపకుండా ఆ రాత చదవడం మనిషన్నవాడి వల్ల కాదు. కాసేపు కళ్ళతో కుస్తీ పట్టాను. ఇంతలో కరెంటు పోయింది. ఉప్పు బాబు, "కొవ్వొత్తి తెస్తాను. పైకి చదవకు" అని మళ్ళీ హెచ్చరించి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

చూరు కన్నంలోంచి బల్ల మీద పడుతున్న అరచేతి వెడల్పు వెలుగులోకి పుస్తకం జరుపుకున్నాను. శనివారం తరుముకొస్తోంది. ఒక్కదాన్నే ఉన్నాను కదా, ఎవరు వింటారు అనుకున్నాను. మొదట గొణిగాను. తరవాత గొణుగుడు కాస్త గొంతు సవరించుకుంది. చివరికి బళ్ళో హాజరు పిలిచినట్టు మొదలెట్టాను. టీచరుద్యోగం రాకముందే వచ్చిన జబ్బు.

"పోలయ్య... అప్పన్న... సూరమ్మ... చిన్నమ్మి..."

"ఆఁ" అంది గది.

వేలు అక్కడే ఆగిపోయింది. గోడ అయి ఉంటుందనుకున్నాను. గోడలు 'టిక్కు' అంటాయి గాని 'ఆఁ' అనవని తెలిసి కూడా అలాగే అనుకున్నాను. నిజం తేల్చుకుందామని (ఇంత బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలీదు) ఇంకోసారి, మెల్లిగా, "చిన్నమ్మి?" అన్నాను.

"ఆఁ... ఎవుల్ది? నానిక్కడే ఉన్నాను గదా."

ముసలి గొంతు. ఆఖరి అల్మరా వెనక, చీకట్లోంచి. నా వేలి కింద ఉన్న చిన్నమ్మి కుడి పేజీలో ఉంది. అప్పుడు నేనేం చేశానో వరసలో చెప్పలేను. కుర్చీ పడింది. నిమ్మకాయ గుప్పిట్లోంచి జారి, దొర్లుకుంటూ తలుపువైపు పోయింది. నాయనమ్మ రక్షణ నాకన్నా ముందు పారిపోయిందన్నమాట. దాని వెనకే నేను లగెత్తబోతే ఎవరో వెనక నుంచి చున్నీ పట్టుకుని లాగారు. మోకాలి మీద పడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకుని, "తప్పయిపోయింది, మనసులోనే చదువుకుంటాను, వదిలేయండి" అని తెలుగులో వేడుకున్నాను. కొఠారు దెయ్యానిది ఏ భాషో తెలీదు కదాని ఒడియాలో కూడా అదే మాట చెప్పాను. అప్పుడు నా మెడ మీద చల్లటి చెయ్యి పడింది.

"ఒలే గుంటా, లాగకే. సున్నీ మేక్కి సిక్కడిపోనాది. సిరిగిపోద్ది, ఉండు" అంది ఆ చెయ్యి గలావిడ. (మా వైపు పల్లెల్లో ఆడపిల్లని గుంట అంటారు.)

కళ్ళు తెరిచేసరికి ఎనభై దాటిన ముసలమ్మ నా చున్నీని అల్మరా మేకు నుంచి ఓపిగ్గా విడదీస్తోంది. ఉప్పు బాబు కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ముఖం నా ముఖం కన్నా తెల్లగా ఉంది. నన్ను చూసి, ఆవిణ్ణి చూసి, ఊపిరి వదిలి, "చిన్నమ్మేనా? ఆవిడ ఎప్పుడూ ఉంటుంది. చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. మూడేళ్ళుగా వారానికోసారి గోపాల్‌పూర్ నుంచి వస్తోందట. వరండాలో కూర్చుంటే ముందు ఆఫీసువాళ్ళు కసురుతున్నారని ఆయనే ఆఖరి అల్మరా వెనక చాప వేశాడట. రాను రాను ఆవిడ కూడా ఆయన కళ్ళకి ఒక దస్త్రం అయిపోయింది, లెక్కలో తప్ప లోకంలో కనబడదు.

"నీకు తెలుగు సదవడం వొచ్చునా తల్లీ?" అంది ముసలమ్మ. ఆ అడగడంలో ఏదో ఉంది, నా మోకాలి మంట మర్చిపోయాను.

ఆవిడ కథ ఏటంటే, పెళ్ళయిన రెండో ఏడు, పదిహేనేళ్ళ వయసులో, ఈ చుట్టుపక్కల పల్లెలోనే తొలికాన్పు అయింది. ఆడపిల్ల. మూడో రోజు పోయింది. ఆవిడకి ఒళ్ళు తెలియని జ్వరం, తెలివొచ్చేసరికి పిల్లని తీసుకెళ్ళిపోయారు. తరవాత ఊరు మారారు, నలుగురు పిల్లలు పుట్టారు, పెరిగారు, మనవలు కూడా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మూడేళ్ళ కిందట ఇంటికి ఏదో సర్కారు ఫారం వచ్చిందట. మనవడు పక్కన కూచుని, "మామ్మా, నీకెంతమంది పిల్లలు?" అనడిగాడు.

"అయిదుగుర్రా అన్నాను. ఆడు నాలుగని రాసినాడు. అయిదురా అంటే, అది నెక్కలోకి రాదే మామ్మా, దానికి కాయితం నేదు అన్నాడు. మంచోడే, నన్ను బాగా సూస్తాడు. కాని అది రాసినకాణ్ణించీ నాకు నిద్దర్నేదు తల్లీ. పేరెట్టకుండానే పోనాది. మొకం సరీగ సూణ్ణేదు. కాయితమైనా ఉండొద్దా?"

నేను ఉప్పు బాబు వంక చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. ఆవిడకి మూడుసార్లు 'దొరకలేదు' అని రాసి ఇచ్చింది ఆయనే.

"ఈ బాబు, పిలిస్తే పలుకుతారని బయపడతాడు" అంది చిన్నమ్మి, చీకటి అల్మరాల వైపు చూస్తూ. "పలకరు తల్లీ. నానెన్నిసార్లు పిలిసినానో. ఏటని పిలవాలో తెల్దు. గుంటా, గుంటా అని పిలిసినాను."

కొఠారులో నాకు అసలైన వణుకు పుట్టింది ఆ మాటకే. అంతకుముందుది ఉత్త పరుగు.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాను, చిన్నమ్మిని కూడా ఆ రోజే రమ్మని చెప్పి. మా తాతగారు గంటలోనే దొరికారు. కాని మొదటి గాలి పుస్తకంలో కాదు, రెండో గాలి పుస్తకంలో. మొదటి గాలి పుస్తకంలో కనబడింది నాయనమ్మ పుట్టుక, ఆవిడదీ ఆ ఊరే. అంటే మొగుడు పెళ్ళాం కన్నా మూడేళ్ళు చిన్న. (ఈ సంగతి ఇంట్లో చెబితే నాయనమ్మ తలుపేసి వచ్చి, "ఆ రాసినోడికి కళ్ళు కనబడవు. నోరెత్తావంటే ఊరుకోను" అంది. ఎత్తలేదు, ఇదే మొదలు.) ఉప్పు బాబు నేను చదివింది ఒడియాలో రాసి, నకలు తయారుచేసి, బల్ల మూల ఆరబెట్టాడు. ఆ గదిలో సిరా ఆరాలంటే అరపూట పడుతుంది. ఈలోగా చిన్నమ్మి ఊరి పుస్తకం తీశాం.

వాన తగ్గలేదు. కొవ్వొత్తి వెలుగులో నేను వేలు పెట్టి చదవడం, ముసలమ్మ నా భుజం మీదుగా ఆ గొలుసు రాతని కళ్ళతో తడమడం, ఉప్పు బాబు గుమ్మం దగ్గర కాపలా. ఎంతసేపయిందో తెలీదు. ముసలమ్మ పెనిమిటి పేరు తండ్రి గడిలో కనబడింది. బిడ్డ: ఆడ. పక్కనే పేరు గడి. ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఖాళీగా లేదు.

నేను ఆగిపోయాను. ఒకటి, ఆ గదిలో పేరు పైకి చదవనని ఈసారి నిజంగానే ఒట్టు పెట్టుకున్నాను. రెండు, అది చదవాలంటే నోరు రాని పేరు. తలెత్తితే ఉప్పు బాబు నావంకే చూస్తున్నాడు.

"చదువు, మా" అన్నాడు. "పైకి చదువు."

"పెంటమ్మ" అన్నాను. "తెలియజేసినవారు... శిశువు మేనత్త."

ముసలమ్మ నావంక తెల్లబోయి చూసి, "ఏటీ?" అంది. మళ్ళీ చదివాను. పకాలుమని నవ్వింది. "పెంటమ్మా? నా గుంటకి పెంటమ్మని ఎట్టినాదా!" అని పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నాకూ నవ్వు వచ్చేసింది. ఎప్పుడు మొదలైందో తెలీదు, చూసేసరికి ఆవిడ భుజాలు అలాగే కదులుతున్నాయి గాని నవ్వు లేదు. బతుకుతుందో లేదో అన్న బిడ్డకి అలాంటి పేరు పెడతారు మా వైపు, ఈ చెత్త మనకెందుకని చావు వదిలేసి పోతుందని. పుట్టిన రెండో రోజునే ఆ మేనత్త, వదిన జ్వరంతో పడుంటే, గ్రామ మునసబు ఇంటికి ఒక్కతే పరిగెత్తి రాయించి వచ్చింది.

"మా ఆడబడ్స" అంది చిన్నమ్మి చివరికి. "నలబయ్యేళ్ళు నుయ్యికాడ నాతో తగువే. సచ్చిందాకా నాతో మంచి మాటాణ్ణేదు. ఇది మాత్తరం ఒక్కనాడు సెప్పనేదు. బతకాలని ఎట్టినాదమ్మా. బతకాలని."

తరవాత ఆవిడ లేచి, అల్మరాల మధ్య సందులోకి రెండడుగులు వేసి, బయట ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు, "పెంటీ" అంది.

ముగ్గురం విన్నాం. విన్నాం అంటే, వినడానికి నిలబడ్డాం. వాన చప్పుడు ఆ గదిలోకి రాదు. గోడ మీద ఉప్పు రాలింది. అంతకుముందు విన్న టిక్కు లాంటిది కాదు, గుప్పెడు ఉప్పు ఒక్కసారి జారినట్టు. ఉప్పు బాబు కళ్ళు మూసుకున్నాడు. చెమ్మకి పెచ్చు ఊడిందని తరవాత నాకు నేను చెప్పుకున్నాను, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటున్నాను. చిన్నమ్మి మాత్రం కళ్ళు తుడుచుకుని, సంతృప్తిగా, "ఇంక రాయండి బాబూ" అంది.

నకలు దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, ఏ పని నిమిత్తం అని. "ఏం రాయమంటావు మామ్మా?" అనడిగితే, "సూసుకోడానికి" అంది. ఉప్పు బాబు తల అడ్డంగా ఊపాడు. చూసుకోడానికి నకలు ఇవ్వరు. ఫారం మీద అచ్చువేసి ఉన్నవే రాయాలి, ఆస్తి, ఉద్యోగం, పాస్‌పోర్టు, బడిలో చేర్పించడం. ఆయన కలం తీశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదని తరవాత నాతో అన్నాడు. ('దొరకలేదు' అన్నది ఆయన దృష్టిలో అబద్ధం కాదు.) వంగి, ముద్దుగా, గుండ్రంగా రాశాడు: బడిలో చేర్పించడం.

ముందు ఆఫీసులో పెద్ద గుమస్తా సంతకం పెట్టాలి. ఆయన మా ముగ్గుర్నీ చూడలేదు, ఫారం అడుగున నిమిత్తం గడి ఒక్కటే చూశాడు. కలం మూత తీస్తూ, "పిల్ల ఏది? బడికైతే పిల్లని తీసుకురావాలి కదా?" అన్నాడు.

ఉప్పు బాబు తడుముకోలేదు. "బయట ఉంది సార్" అన్నాడు.

పెద్ద గుమస్తా తలెత్తి వరండా వైపు చూశాడు. నేనూ చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. వాన నీళ్ళు చూరు నుంచి ధారగా పడుతున్నాయి. "వానలో నిలబెట్టారేం? లోపలికి పిలవండి, జలుబు చేస్తుంది" అని మందలించి, సంతకం పెట్టి, ముద్ర గుద్దాడు.

తిరుగు బస్సులో చిన్నమ్మి, నేను పక్కపక్కన కూచున్నాం. ఆవిడ కాగితాన్ని కొంగులో చుట్టి, కొంగు బొడ్లో దోపుకుని, దాని మీద చెయ్యి తియ్యలేదు. కండక్టరు వచ్చాడు. నేను బరంపురానికి నా టిక్కెట్టు తీసుకున్నాను. ఆవిడ, "ఒకటీ, ఒక హాపు" అంది.

"హాఫ్ ఎవరికి మామ్మా?" అన్నాడతను. నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఏ కోణంలోనూ హాఫ్ టిక్కెట్టు మనిషిని కాను.

"ఇయ్యి బాబూ" అంది ఆవిడ, అంతే. అతను నావంక చూశాడు, ఏదైనా చెబుతానేమోనని. నేను కిటికీ వైపు ఓ బెత్తెడు జరిగి, మా ఇద్దరి మధ్య చోటు చేశాను. ఎందుకలా చేశానో నాకు తెలీదు. అతను రెండు టిక్కెట్లు చింపాడు. ఆవిడ చేతులు ఖాళీ లేవని చిన్నది నా సంచిలో పడేశాడు. బరంపురంలో ఆవిణ్ణి గోపాల్‌పూర్ ఆటో ఎక్కించాను. ఎక్కేటప్పుడు ఆవిడ ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుని మరీ ఎక్కింది.

మర్నాడు శనివారం. ఒంటిగంటకి గడువు. పదకొండున్నరకి నాన్నతో వెళ్ళి గుమస్తా ముందు నిలబడి (ఆ రోజూ ఉన్నాడు, నా ఖర్మ) గర్వంగా సంచిలో చెయ్యి పెట్టాను. దువ్వెన వచ్చింది. పెన్సిలు వచ్చింది. గొడుగు వచ్చింది. చివరికి ఒక కాగితం తగిలితే బతికాననుకుని తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "రంభ నుంచి బరంపురం, హాఫ్" అని చదివాడు. మా తాతగారు చిల్కా ఒడ్డున, కొఠారు బల్ల మూల, ఇంకా ఆరుతూనే ఉన్నారు. పోయి రావడానికి మూడు గంటలు పడుతుంది.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం ఆ కాగితం ఇంటికి రానందుకు లోలోపల సంతోషించిందని నా అనుమానం. తరవాత నేను వేరే పరీక్షలు రాసి, వేరే ఊళ్ళు తిరిగి, ఇప్పుడు బరంపురంలోనే ఓ ఆఫీసులో బల్ల వెనక కూచుంటున్నాను. నా కుర్చీ మీదా తువ్వాలు ఉంటుంది. ఏ రుజువూ లేకుండా వచ్చి నిలబడ్డవాళ్ళని "కాగితం ఏది?" అని అడుగుతాను, లేదంటే పంపించేస్తాను. అది నా పని, బాగానే చేస్తానని పేరుంది. కాని ఒక్కోసారి, వాన పడే మధ్యాహ్నాల్లో, ఆ బస్సులో కూచున్న ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. తడిసిన చున్నీ, మోకాలికి దెబ్బ, ఉద్యోగం అప్పటికే పోయిందని తెలీని మొహం. గంజాం దగ్గర బస్సు నిండిపోయింది. ఒక పెద్దాయన తడి గొడుగుతో వచ్చి, ముసలమ్మకీ నాకూ మధ్య చోటు చూసి, "కొంచెం జరుగుతావా అమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల తల తిప్పి, ఎంతో మర్యాదగా, ఏమాత్రం అనుమానం లేకుండా, "లేదండీ, ఇక్కడ మనిషున్నారు" అంది. పిచ్చిది. తలుచుకుంటే నవ్వొస్తుంది. దానికి చేతిలో ఒక్క కాగితం లేదు, అయినా ఎంత గట్టిగా చెప్పిందో.